ఇనుప ఓర్ సగం మాయమవుతోంది, కొలిమి పని ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి

తొలిసుత్తి

ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ ఆట మొదలుపెట్టి వారం అయింది. ఫ్రీ అకౌంట్. స్మితింగ్ (కమ్మరి పని) నేర్చుకుందామని రాగి, తగరం తవ్వి 150 బ్రాంజ్ (కంచు) డ్యాగర్లు చేశా. ఆటలోని సంత గ్రాండ్ ఎక్స్ఛేంజ్‌లో అమ్మకానికి పెట్టి మూడు రోజులైంది, ఒక్కటీ పోలేదు. పోనీలే, ఇనుములో డబ్బులుంటాయని నిన్న రాత్రంతా తవ్వి 80 ఐరన్ ఓర్ (ఇనుప ఖనిజం) తెచ్చా. ఫర్నెస్‌లో వేస్తే వచ్చినవి 37 బార్లు (కడ్డీలు)! మిగతా 43 ఏమయ్యాయి? ఇది బగ్గా, హాస్టల్ వైఫై వల్ల లాగ్ అయి పోయాయా? లెవెల్ 17 దగ్గర ఉన్నా. ఇలా అయితే చివరి లెవెల్ 99 ఎప్పటికి వస్తుంది? ఆట మీద విరక్తి వచ్చేలా ఉంది.

నక్క_నాలుగుకాళ్లు

43 ఓర్‌లూ ఫర్నెస్ దేవుడికి నైవేద్యం. దణ్ణం పెట్టుకుని ముందుకు పో.

పాతకాపు_07

బగ్ కాదు, వైఫై తప్పు అంతకన్నా కాదు. మామూలు ఫర్నెస్‌లో ఐరన్ ఓర్ కరిగిస్తే సగానికి సగం చెడిపోతుంది, ఆట రూలే అది. 80కి 37 అంటే అటూ ఇటూగా సరిపోయింది. తప్పించుకోవాలంటే రింగ్ ఆఫ్ ఫోర్జింగ్ పెట్టుకో. అది వేలికి ఉన్నంతసేపు ఒక్కటీ పోదు, 140 బార్లు చేశాక ఉంగరం కరిగిపోతుంది. లేదా మ్యాజిక్ 43 వచ్చాక సూపర్‌హీట్ మంత్రం, అందులోనూ నష్టం లేదు. కాకపోతే ఒక్కో బార్‌కి ఒక నేచర్ రూన్ (మంత్రపు రాయి) ఖర్చు.

కానీ తమ్ముడూ, అసలు తప్పు ఇనుములో లేదు. డ్యాగర్లలో ఉంది.

తొలిసుత్తి

డ్యాగర్లలో ఏం తప్పన్నా? నా లెవెల్‌కి చేయగలిగింది అదేగా?

పాతకాపు_07

కాదు. ఎక్స్‌పీ (లెవెల్ పెంచే పాయింట్లు) వస్తువుని బట్టి రాదు, వాడిన బార్‌ని బట్టి వస్తుంది. బ్రాంజ్‌కి బార్‌కి 12.5, ఐరన్‌కి 25, స్టీల్‌కి 37.5. డ్యాగర్ ఒక బార్, టూ హ్యాండెడ్ కత్తి మూడు బార్లు. సుత్తి దెబ్బకి పట్టే సమయం రెండింటికీ ఒకటే. నీ సంచిలో 28 గళ్లు, సుత్తికి ఒకటి పోగా 27 బార్లు. డ్యాగర్లైతే 27 సార్లు కొట్టాలి, టూ హ్యాండెడ్ అయితే తొమ్మిదిసార్లు. ఎక్స్‌పీ మాత్రం అంతే. లెవెల్ 14కే బ్రాంజ్ టూ హ్యాండెడ్ వచ్చేస్తుంది. నువ్వు 14 దాటాక కూడా డ్యాగర్లే కొట్టావంటే ఊరికే చేతులు నొప్పి పెట్టుకున్నావ్.

తొలిసుత్తి

అయ్యో. ఆ విండోలో కిందకి చూడనే లేదు. మొదటి బొమ్మ మీదే నొక్కుతూ పోయా.

నక్క_నాలుగుకాళ్లు

150 సార్లు ఒకే బొమ్మ. సెమిస్టర్ పరీక్షల్లో కూడా ఇంత నిష్ఠ ఉంటే బాగుండు.

సత్తుగిన్నె

మీరంతా లెక్కల్లోకి వెళ్లిపోయారు, నైట్స్ స్వోర్డ్ క్వెస్ట్ (ఆట ఇచ్చే ఒక కథా పని) సంగతి ఒక్కరూ చెప్పలేదే! తొలిసుత్తీ, ఆ క్వెస్ట్ చేశావా? చేయకపోతే ఓర్ తవ్వడం ఇప్పుడే ఆపు. ఫ్రీ అకౌంట్‌తోనే చేయొచ్చు. మైనింగ్ 10 ఉంటే చాలు, ఇనుము తవ్వావంటే నీకు 15 ఎటూ ఉంది. పూర్తి చేస్తే ఒక్క దెబ్బకి 12,725 స్మితింగ్ ఎక్స్‌పీ. లెవెల్ 1లో చేసినా నేరుగా 29కి తీసుకెళ్తుంది.

లెక్కలమాస్టారు

సత్తుగిన్నె గారి మాటకి లెక్క కడతాను. బ్రాంజ్ బార్ కరిగిస్తే 6.2, దాన్ని కొడితే 12.5, కలిపి 18.7. 12,725ని 18.7తో భాగిస్తే 681 బార్లు. బార్‌కి ఒక రాగి, ఒక తగరం. అంటే 1,362 ఓర్ ముక్కలు తవ్వి, మోసి, కరిగించి, కొట్టాలి. దాని బదులు క్వెస్ట్‌కి ఒక గంట.

అబ్బాయి ఇప్పుడు 150 డ్యాగర్లు, 37 ఐరన్ బార్లు అంటున్నాడు కాబట్టి దాదాపు 3,267 ఎక్స్‌పీ ఉండాలి. క్వెస్ట్ కలిపితే 15,992. అది లెవెల్ 31. స్టీల్ కరిగించడానికి 30 చాలు.

తొలిసుత్తి

మాస్టారూ, ఇప్పుడే చూశా, 3,267! భయమేసింది.

బొగ్గుబస్తా

క్వెస్టులూ గిస్టులూ వదిలెయ్. మెంబర్‌షిప్ (డబ్బు కట్టి ఆడే అకౌంట్) తీసుకో, మరుగుజ్జుల ఊరు కెల్డాగ్రిమ్ వెళ్లు, బ్లాస్ట్ ఫర్నెస్‌లో పడు. అక్కడ ఐరన్ ఒక్కటీ చెడిపోదు, బొగ్గు సగమే పడుతుంది. స్టీల్‌కి బయట రెండు బొగ్గులు, అక్కడ ఒకటి. పై లోహం రూనైట్‌కి బయట ఎనిమిది, అక్కడ నాలుగు. నేను ఈ పద్ధతిలోనే ఆట డబ్బుతో బాండ్లు (మెంబర్‌షిప్ ఇచ్చే టోకెన్లు) కొనుక్కుంటున్నా, మెంబర్‌షిప్‌కి జేబులోంచి పైసా పెట్టలేదు.

సత్తుగిన్నె

బస్తా గారూ, అబ్బాయి ఫ్రీ అకౌంట్ అని మొదటి లైన్లోనే రాశాడు. చదివి రాయండి.

పాతకాపు_07

మెంబర్ అయినా ఈ స్థితిలో బ్లాస్ట్ ఫర్నెస్ వద్దు. ద జెయింట్ డ్వార్ఫ్ క్వెస్ట్ మొదలుపెడితేగానీ కెల్డాగ్రిమ్‌లోకి వెళ్లలేవు. మరుగుజ్జులు నడిపే వరల్డ్‌లో (సర్వర్‌లో) పెట్టెలో గంటకి 72,000 కాయిన్లు వేయాలి. స్మితింగ్ 60 లేకపోతే ఫోర్‌మన్‌కి పది నిమిషాలకోసారి 2,500 చదివించుకోవాలి. వేడి బార్లు ఒట్టి చేత్తో తీయలేవు, ఐస్ గ్లోవ్స్ కావాలి, లేదా ప్రతిసారీ బకెట్ నీళ్లు. బొగ్గు మోసే కోల్ బ్యాగ్ లేకపోతే పరుగులే పరుగులు. బస్తా మర్చిపోయినట్టున్నాడు, ఇవన్నీ సమకూర్చుకోవడానికి వాడికీ నెలలు పట్టింది.

బొగ్గుబస్తా

సరే ఒప్పుకున్నా. ఐస్ గ్లోవ్స్ కోసం ఐస్ క్వీన్ చేతిలో నాలుగుసార్లు చచ్చా. ఆ మాట బయటికి చెప్పలేదంతే.

నక్క_నాలుగుకాళ్లు

పేరు బొగ్గుబస్తా, చావు మంచులో.

కమ్మరోళ్ల_మనవడు

నాకు ఈ ఆటలో మొదటినుంచీ ఒకటే నవ్వు. ఒక రాగి, ఒక తగరం వేస్తే కంచు అట! మా తాత చూస్తే సుత్తి విసిరేవాడు. కంచులో రాగి దాదాపు తొమ్మిది పాళ్లుంటే తగరం ఒక పాలు. సగం సగం కలిపితే ఆ ముద్ద దెబ్బకి పెళుసుగా విరుగుతుంది, డ్యాగర్ సంగతి దేవుడెరుగు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, రాగికి 1,085 కావాలి. ఆటలో రెండూ ఒక్క క్షణంలో!

మాది నిజామాబాద్ వైపు. కొలిమి దగ్గరే పెరిగా. తిత్తి లాగడం నా పని. కర్రు ఎర్రగా కాలితే తాత పట్టుకారుతో దాగలి మీద పెట్టేవాడు, నాన్న సమ్మెట వేసేవాడు. తాత చిన్న సుత్తితో ఎక్కడ కొడితే నాన్న సమ్మెట అక్కడే పడాలి. మాటలుండవు. ఆ టిక్కు టిక్కు చప్పుడే మాట. ఆటలో ఆ చప్పుడు వింటే నాకు ఇల్లు గుర్తొస్తుంది, అందుకే ఆడతా. లెవెల్ 41. మూడేళ్ల నుంచీ 41.

సత్తుగిన్నె

మనవడు గారూ, మీ పోస్ట్ చదివి నేను ఒక్క నిమిషం ఆటే మర్చిపోయా. మీ ఊళ్లో కొలిమి ఇంకా ఉందా?

కమ్మరోళ్ల_మనవడు

కొలిమి గుంత ఉంది, పని లేదు. ట్రాక్టర్లొచ్చాక కర్రు ఎవరికి కావాలండీ. పూర్వం పంటకి మేర ఇచ్చేవాళ్లు, వడ్లు కొలిచి. ఇప్పుడు నాన్న గ్రిల్ వెల్డింగ్ షాపు.

మా దగ్గరే కమ్మర్‌పల్లి పక్కన కోనసముందర్ అని ఊరుంది. ఒకప్పుడు అక్కడి ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవాళ్లు. మట్టి మూసల్లో ఇనుము పెట్టి, మూత మెత్తి, కొలిమిలో గంటల తరబడి కాల్చేవాళ్లు. ఆటలో ఐరన్ ఒకటి, బొగ్గు రెండు వేస్తే స్టీల్ వస్తుంది కదా, అందులో నిజం కొంచెం ఉంది. ఉక్కు అంటే ఇనుములో కొద్దిగా కార్బన్ చేరడమే. కొద్దిగా అంటే నూటికి రెండు పాళ్ల లోపు. ఓర్‌కి రెండింతలు బొగ్గు మాత్రం ఆట వాళ్ల దాతృత్వం.

లెక్కలమాస్టారు

ఆ రెండింతల బొగ్గే కొత్తవాళ్ల నడుం విరిచేది. స్టీల్ కరిగించడానికి బ్యాంకు నుంచి ఒక ట్రిప్‌లో 9 ఐరన్, 18 బొగ్గు పడతాయి, వచ్చేది 9 బార్లు. పై లోహాల్లో మిత్రిల్‌కి నాలుగేసి బొగ్గులు, ట్రిప్‌కి 5 బార్లు. అడమంట్‌కి ఆరు, 4 బార్లు. రూనైట్‌కి ఎనిమిది, 3 బార్లు. పైకి పోయేకొద్దీ బార్‌కి ఎక్స్‌పీ పెరుగుతుంది, నడక అంతకన్నా పెరుగుతుంది. అందుకే బ్యాంకుకి దగ్గరున్న ఫర్నెస్ చూసుకోవాలి. ఎడ్జ్‌విల్‌లో నాలుగడుగులు. నువ్వు ఎక్కడ కరిగిస్తున్నావ్?

తొలిసుత్తి

లంబ్రిడ్జ్‌లో. మాస్టారూ, నవ్వకండి.

నక్క_నాలుగుకాళ్లు

నవ్వడం లేదు. బ్యాంకు కోట పైకప్పు మీద, ఫర్నెస్ కింద. రోజూ మెట్లెక్కి దిగితే ఆరోగ్యానికి మంచిది.

డబ్లిన్_దోసె

కరిగించడం ఎడ్జ్‌విల్, కొట్టడం వారోక్ పడమటి బ్యాంకు. ఆ బ్యాంకుకి దక్షిణంగా దాగలి ఉంది, బ్యాంకు తలుపు నుంచి చిటికెలో చేరతావ్. నేను 2000ల్లో స్కూల్ రోజుల్లో ఆ దాగలి దగ్గరే సాయంత్రాలన్నీ గడిపా, అప్పటి పాత వెర్షన్‌లో. గుంటూరులో ఇంటర్నెట్ సెంటర్, గంటకి ఇరవై రూపాయలు.

ఒక జాగ్రత్త. ఆ దాగలి దగ్గరే ఒకడు నా దగ్గరికొచ్చి "నీ కవచానికి ఉచితంగా బంగారు అంచు వేస్తా" అన్నాడు. ఆరు నెలలు కూడబెట్టి కొన్న పూర్తి అడమంట్ సెట్ ట్రేడ్‌లో పెట్టి ఇచ్చేశా. వాడు మాయం. ఇంటికొచ్చి అన్నం తినలేదు. అమ్మ జ్వరమనుకుని మిరియాల చారు పెట్టింది.

సత్తుగిన్నె

పాపం అన్నా! తొలిసుత్తీ, ఇది రాసిపెట్టుకో. అంచు వేసిన కవచాలు క్లూ స్క్రోల్స్ అనే నిధి వేట చీటీల్లో బహుమతిగా దొరికేవే. ఏ ఆటగాడూ, ఎంత లెవెల్ ఉన్నా, అంచు వేయలేడు. "నీ డబ్బు రెట్టింపు చేస్తా" అనేవాళ్లదీ ఇదే బాపతు.

తొలిసుత్తి

నిన్న ఒకడు నన్ను అడిగాడు. నా దగ్గర బ్రాంజ్ డ్యాగర్లు తప్ప ఏమీ లేవని చూసి వాడే జాలిపడి వెళ్లిపోయాడు.

నక్క_నాలుగుకాళ్లు

దొంగకే జాలేసిన పేదరికం.

తొలిసుత్తి

సరే, ఒక డౌట్. ఎక్స్‌పీ సంగతి అర్థమైంది. డబ్బు ఎందుకు రావట్లేదు? కష్టపడి చేసిన కత్తి ధర, దానిలో పెట్టిన బార్ ధర కన్నా తక్కువ చూపిస్తోంది. ఇదేం న్యాయం?

లెక్కలమాస్టారు

న్యాయమే. నువ్వు ఒక్కడివే కాదు, లక్షలమంది లెవెల్ కోసం కత్తులు కొట్టి పారేస్తున్నారు. వాళ్లకి కావలసింది ఎక్స్‌పీ, కత్తి కాదు. కాబట్టి బార్‌కి గిరాకీ, కత్తికి మిగులు. ఈ ఆటలో మామూలు కత్తి అరగదు, విరగదు, ఒకసారి కొన్నవాడు మళ్లీ కొనడు.

అరిగేవాటికే ధర నిలబడుతుంది. బాణం ములుకులు, ఫిరంగి గుండ్లు. డ్వార్ఫ్ కెనన్ క్వెస్ట్ అయ్యాక స్మితింగ్ 35 ఉంటే ఒక స్టీల్ బార్‌కి నాలుగు గుండ్లు పోసుకోవచ్చు. పేల్చినవాడు మళ్లీ కొనక తప్పదు. కాకపోతే అది మెంబర్లకి మాత్రమే, చాలా నిదానం. సినిమా చూస్తూ చేసే పని.

బొగ్గుబస్తా

ఇదే నేను చెప్పేది. ఫ్రీలో బార్లు చేసి బార్లే అమ్ము, కొట్టకు. డబ్బు కరిగించడంలో ఉంది.

పాతకాపు_07

సగం ఒప్పుకుంటా. ఓర్ ధర, బొగ్గు ధర, బార్ ధర మూడూ చూసుకున్నాకే. ఒక్కోరోజు కరిగించినా నష్టమే, ఓర్‌ని ఓర్‌గా అమ్ముకోవడం మేలు. "నేనే తవ్వుకున్నా కాబట్టి ఓర్ ఉచితం" అనుకోకు. అమ్మితే వచ్చే డబ్బు అది.

నల్లమల_నైట్

ఇవన్నీ వదిలి ఆల్బియన్ ఆన్‌లైన్ కి రండి. అక్కడ చచ్చిన వాడి సామాను పోతుంది, కాబట్టి కమ్మరి పనికి నిజమైన గిరాకీ. మూడో అంచె బ్రాంజ్ బార్ ఒకటి, ఐరన్ ఓర్ రెండు వేస్తే నాలుగో అంచె స్టీల్ బార్. కింది బార్ లేకుండా పై బార్ రాదు. థెట్‌ఫర్డ్‌లో కరిగిస్తే ఓర్ కొంత తిరిగొస్తుంది కూడా.

పాతకాపు_07

తమ్ముడు అడిగిన ఆట ఏది, నువ్వు చెప్పే ఆట ఏది? ఆ ఓర్‌తో థెట్‌ఫర్డ్ చేరేలోపు దారిలో ఎవడో కొట్టేసి దోచుకున్నాక మళ్లీ ఇక్కడికే వచ్చి ఏడుస్తాడు.

నల్లమల_నైట్

నాకు జరిగింది అదే. ఎద్దుతో సహా పోయింది.

వేలునొప్పి

నాదొక ప్రశ్న. డెస్క్‌టాప్‌లో ఆటో క్లిక్కర్ పెట్టి రాత్రంతా వదిలేస్తే ఏమవుతుంది? మా రూమ్మేట్ ఏం కాదంటున్నాడు.

డబ్లిన్_దోసె

అకౌంట్ పోతుంది. నాదొకటి అలాగే పోయింది, తప్పు నాదే. స్మితింగ్‌లో దాని అవసరమే లేదు. "అన్నీ చెయ్యి" అని ఒక్కసారి నొక్కితే 27 బార్లూ అయ్యేదాకా ఆటలో నీ మనిషే కొడతాడు. ఫోన్‌లో ఆడు, అన్నం తింటూ ఆడు.

సత్తుగిన్నె

నేను బస్సులో ఫోన్‌లోనే ఆడతా. మియాపూర్‌లో ఎక్కి ఎల్బీ నగర్ దిగేలోపు సుమారు వంద స్టీల్ బార్లు. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంకా మంచిది.

నేను మెంబర్ అయ్యాక స్మితింగ్ మీద ఇష్టం పెరిగింది జెయింట్స్ ఫౌండ్రీలో. స్లీపింగ్ జెయింట్స్ క్వెస్ట్‌కి లెవెల్ 15 చాలు. కోవాక్ అనే రాక్షసుడితో కలిసి పెద్ద కత్తులు పోస్తాం. 28 బార్లు మూసలో వేయాలి, రెండు లోహాలు సగం సగం కలిపితే కత్తి నాణ్యత పెరుగుతుంది. వేడి తగ్గితే లావాలో ముంచాలి, ఎక్కువైతే జలపాతం కింద పెట్టాలి. ఎర్రగా ఉన్నప్పుడు పెద్ద సమ్మెట, తర్వాత సాన, చల్లారాక పాలిష్. అమ్ముడుపోని కవచాలు కూడా అందులో కరిగించుకోవచ్చు. తొలిసుత్తీ, ఎప్పుడైనా మెంబర్ అయితే మొదట అక్కడికే వెళ్లు.

కమ్మరోళ్ల_మనవడు

వేడి చూసి పని మార్చుకోవాలా? ఇదేదో మా తాత ఆటలా ఉంది. ఒక్క నెల బాండ్ కొంటా.

లెక్కలమాస్టారు

బాండ్ 14 రోజులే వస్తుంది. నెలకి రెండు కావాలి.

తొలిసుత్తి

క్వెస్ట్ మొదలుపెట్టా. ఫాలడోర్ కోటలో స్క్వైర్‌తో మాట్లాడా, వారోక్ లైబ్రరీలో రెల్డోని అడిగా. రెడ్‌బెర్రీ పై (పండ్ల వంటకం) అంటున్నాడు. అది నాకు వండటం రాదు, కుకింగ్ 3.

సత్తుగిన్నె

కొనుక్కో. దాన్ని థర్గో అనే మరుగుజ్జుకి ఇవ్వాలి, పోర్ట్ సరీమ్‌కి దక్షిణంగా ఉంటాడు. ఆకలేసి దారిలో నువ్వు తినేయకు, నేను తినేశా. తర్వాత తను చేయాల్సిన ఆ నైట్ కత్తి చిత్రం తెమ్మంటాడు. అది సర్ వైవిన్ అలమరలో ఉంటుంది, ఆయన చూస్తుండగా తీయనివ్వడు. చివర్లో బ్లూరైట్ ఓర్, రెండు ఐరన్ బార్లు. నీ 37లో రెండు పక్కన పెట్టుకో.

పాతకాపు_07

బ్లూరైట్ మంచు గుహలో ఉంటుంది. అక్కడ ఐస్ జెయింట్లు లెవెల్ 53, ఐస్ వారియర్లు 57. పోరాడకు, పరుగెత్తు. చేపలు నింపుకో, రన్ ఎనర్జీ పూర్తిగా ఉంచుకో. పికాక్స్ మరచిపోకు. నవ్వకండి, మరచిపోయేవాళ్లు చాలామంది.

తొలిసుత్తి

పికాక్స్ మరచిపోయా.

నక్క_నాలుగుకాళ్లు

ఆహా.

తొలిసుత్తి

రెండోసారి పికాక్స్ తీసుకెళ్లా, చేపలు మరచిపోయా. చచ్చా. నా సామాను ఉన్న సమాధి గుహలోనే ఉంది, 15 నిమిషాల టైమర్ తిరుగుతోంది. టెన్షన్.

సత్తుగిన్నె

కంగారు పడకు, బ్యాంకులో చేపలు తీసుకుని నేరుగా పరుగెత్తు. 15 నిమిషాలు ధారాళంగా సరిపోతాయి.

తొలిసుత్తి

అయిపోయింది!! సమాధి దొరికింది, బ్లూరైట్ తవ్వా, కత్తి ఇచ్చేశా. లెవెల్ 31. మిగిలిన 35 ఐరన్ బార్లతో టూ హ్యాండెడ్‌లు కొట్టా, 32 వచ్చింది. ఎడ్జ్‌విల్‌కి మకాం మార్చేశా. ఇక్కడి నుంచి స్టీల్ ప్లేట్‌బాడీ దాకా ఎంత దూరం?

లెక్కలమాస్టారు

స్టీల్ ప్లేట్‌బాడీ లెవెల్ 48. 83,014 ఎక్స్‌పీ. నువ్వే కరిగించి నువ్వే కొడితే స్టీల్ బార్‌కి 17.5, 37.5 కలిపి 55. ఇంకా సుమారు 1,200 బార్లు, 2,400 బొగ్గు. ప్లేట్‌బాడీకి ఐదు బార్లు కాబట్టి 27లో రెండు మిగిలిపోతాయి, వాటిని చూసి బాధపడకు.

తొలిసుత్తి

2,400 బొగ్గు!

బొగ్గుబస్తా

పిలిచావా?

తొలిసుత్తి

లేదన్నా. ఇంకో సంగతి, ఆ 150 బ్రాంజ్ డ్యాగర్లు ఇంకా అమ్ముడుపోలేదు. అంగడిలో పారేయనా?

కమ్మరోళ్ల_మనవడు

పారేయకు. ఒక్కటైనా బ్యాంకులో ఉంచుకో. నేను మొదటిసారి కొట్టిన కొడవలి ఇప్పటికీ ఇంట్లో ఉంది. వంకర ఎటు తిరగాలో అటు తిరగలేదు. అమ్మ దాంతో గోంగూర కట్టలు కోస్తుంది.

నక్క_నాలుగుకాళ్లు

149 నేను కొంటా, ఒక్కోటి ఐదు కాయిన్లు. వారోక్ పడమటి బ్యాంకు దగ్గరికి రా. అంచు కూడా ఉచితంగా వేస్తా.